జాబితాలో లేని భాష

శనివారం పొద్దున అమెరికాలో మేముండే శాన్ రామన్‌లో మా ఇంటికి దగ్గరగా కూరగాయల సంత పెడతారు. పోయిన వారం అక్కడ మెంతికూర కట్టలు ఏరుకుంటూ ఉండగా పక్క బండి నుంచి ఒక వాసన వచ్చింది. సున్నపు నీళ్లలో ఉడికించిన మొక్కజొన్నని రుబ్బి, ఆ ముద్దని చేత్తో తట్టి వేడి పెనం మీద వేసినప్పుడు వచ్చే వాసన అది. తడిసిన మట్టి, కొంచెం మాడిన జొన్నరొట్టె కలిసినట్టుంటుంది. మెంతికూర అక్కడే వదిలేసి ఆ బండి ముందు వెళ్లి నిలబడ్డాను. పెనం వెనక ఉన్న అమ్మాయి ఎన్ని కావాలని అడిగింది. నేను మళ్లీ దోన్యా మికాయెలా వంటింట్లో కూర్చున్నట్టే అనిపించింది.

దోన్యా అంటే స్పానిష్‌లో మన ‘గారు’ లాంటిది. మికాయెలా గారిని మీలో ఎవరూ చూసి ఉండరు. ఐదడుగులకి రెండంగుళాలు తక్కువ మనిషి. తలవెంట్రుకలు సగం నెరిసి, జడ మాత్రం నడుము దాకా ఉండేది. ఆసుపత్రి వాళ్లిచ్చిన నీలిరంగు కోటు కింద ఎర్రటి నేత రవిక వేసుకునేవారు. దాని మీద పక్షులు, వజ్రాల ఆకారాలు ఆవిడే మగ్గం మీద నేసినవి. ఊరు గ్వాటెమాలా కొండల్లో. మాయా జాతిలో ఒక తెగ, ఆ తెగ భాష పేరు మామ్. మొదటిరోజు ఆవిడ ఆ పేరు చెబితే, ఇంగ్లిష్‌లో మేడమ్‌ని కుదించి నన్ను మర్యాదగా ‘మామ్’ అంటున్నారనుకున్నాను. సైన్యం వాళ్ల కొండల్లోకి వచ్చి ఊళ్లు తగలబెట్టిన రోజుల్లో ప్రాణాలు దక్కించుకుని ఉత్తరానికి వచ్చేశారు. ఓక్లాండ్‌లో ఇళ్లు శుభ్రం చేశారు, హోటళ్లలో గిన్నెలు కడిగారు, ఇంగ్లిష్ నేర్చుకున్నారు. చివరికి ఒక పెద్ద ఆసుపత్రిలో దుబాసీ అయ్యారు. నేను కలిసేనాటికి ఆవిడకి అరవై దాటాయి.

అప్పట్లో నేను హెచ్-వన్ వీసా మీద ఒక కన్సల్టింగ్ కంపెనీలో పనిచేస్తున్నాను. ఆ ఆసుపత్రికి కొత్త కంప్యూటర్ వ్యవస్థ పెట్టడం మా పని. దాన్ని మొదలుపెట్టిన వారంలో మాలాంటి వాళ్లం పసుపుపచ్చ జాకెట్లు వేసుకుని వార్డుల్లో నిలబడతాం. నర్సులకి ఏ మీట ఎక్కడుందో తెలియకపోతే చూపిస్తాం. నన్ను ప్రసూతి వార్డులో వేశారు.

మూడో రోజు ఉదయం ఒక గదిలోకి పిలిచారు. మంచం మీద ఇరవై రెండు, ఇరవై మూడేళ్ల అమ్మాయి. పేరు హువానా. నిండు చూలాలు. టాబ్లెట్ తెర మీద ఎక్కడో ఉన్న స్పానిష్ దుబాసీ మాట్లాడుతున్నాడు. డాక్టరు అడిగిన ప్రతిదానికీ ఆ అమ్మాయి “సీ, సీ” అంటోంది. నొప్పా అంటే అవును. నొప్పి తగ్గిందా అంటే అదీ అవును. ఆపరేషన్ చేయాలని చెప్పి సంతకానికి కాగితం ఇచ్చేసరికి మాత్రం రెండు చేతులూ దుప్పటి కిందికి లాగేసుకుంది. ఎంత చెప్పినా బయటికి తీయలేదు. నర్సు విసిగిపోయి, వైద్యానికి నిరాకరించింది అని ఎక్కడ రాయాలని నన్ను అడిగింది. ఎక్కడ నొక్కాలో నేను చూపించాను. చెప్పుకోవడానికి సిగ్గుగా ఉన్నా ఇది దాచకూడదు. ఆ గడి మీద టిక్ పెట్టించింది నేనే.

ఎవరు కబురు పెట్టారో తెలియదు, అంతలో మికాయెలా గారు వచ్చారు. డాక్టరు వైపు చూడలేదు, మా వైపూ చూడలేదు. మంచం తలవైపుకి కుర్చీ లాక్కుని కూర్చుని ఏదో అన్నారు. గొంతు లోపల చిన్నగా తలుపు మూసి తెరిచినట్టుండే భాష అది. హువానా తల గిరుక్కున తిరిగింది. ఆ తర్వాత ఆ పిల్ల ఆగకుండా మాట్లాడింది, ఏడ్చింది, మళ్లీ మాట్లాడింది. మికాయెలా గారు అంతా విని అప్పుడు డాక్టరుతో ఇంగ్లిష్‌లో అన్నారు.

“నా మొదటి కాన్పులో చాలా రక్తం పోయింది. మా అక్క కూడా ఇలాగే పోయింది. నన్ను కోస్తారని నాకెవరూ చెప్పలేదు. ఆ కాగితం మీద గీత పెడితే బిడ్డని తీసుకుపోతారనుకున్నాను.”

దుబాసీలు అవతలి మనిషి మాటని ‘నేను’ అనే చెప్పాలన్నది వాళ్ల పద్ధతి అని నాకు తర్వాత తెలిసింది. ఆ క్షణంలో మాత్రం ఆ ‘నేను’ ఇద్దరిదీ అనిపించింది. డాక్టరు కూడా కుర్చీ లాక్కుని కూర్చుంది. రక్తం సిద్ధంగా ఉంచమని ఫోన్ చేయించి, మొదటి నుంచీ మళ్లీ అంతా చెప్పింది. హువానా చెయ్యి బయటికి తీసి సంతకం చేసింది. మధ్యాహ్నానికి ఆడపిల్ల పుట్టింది. ఆ రక్తం నిజంగానే కావలసి వచ్చిందని సాయంత్రం నర్సు చెప్పింది.

వెళ్లేముందు మికాయెలా గారు నా కంప్యూటర్ దగ్గర ఆగారు. ఆ అమ్మాయి భాష అని ఉన్నచోట ఏముందో చదవమన్నారు. స్పానిష్ అని ఉంది. జాబితాలో మామ్ లేదని, కావాలంటే ‘అదర్’ అని పెట్టొచ్చని నేను చెప్పాను.

“అదర్ అని ఉంటే ఎవర్ని పిలుస్తారు?” అన్నారు.

కోపంగా అనలేదు. నిజంగా తెలుసుకోవాలన్నట్టే అడిగారు. ఆ జాబితాలో నూటికి పైగా భాషలున్నాయి. తెలుగు కూడా ఉంది. మొదటిసారి ఆ పేరు చూసినప్పుడు ఫోటో తీసి స్నేహితులకి పంపించాను కూడా.

ఆ నెలలోనే ఆవిడ మామ్‌ని జాబితాలో చేర్చమని ఆసుపత్రి కమిటీకి అర్జీ పెట్టారు. మీటింగ్‌కి మా ప్రాజెక్ట్ మేనేజర్ సుధీర్ గారితో పాటు నేనూ వెళ్లాను. లిఫ్ట్‌లో ఆయన నాతో అన్నారు: “సామ్, నువ్వేమీ కమిట్ అవ్వకు. ఇది స్కోప్‌లో లేదు. నీ వీసా ఎక్స్‌టెన్షన్ పేపర్లు ఇంకా లాయర్ దగ్గరే ఉన్నాయి, గుర్తుంది కదా.” ఆయన చెడ్డ మనిషి కాదు. ఆయన పై వాళ్లు ఆయనకి చెప్పిందే నాకు చెప్పారు. మీటింగ్‌లో, ఒక కొత్త భాష చేర్చితే ప్రభుత్వానికి వెళ్లే రిపోర్టులన్నీ తారుమారవుతాయని, దానికి నెలలు పడుతుందని ఆయన చెప్పారు. అది నిజం కాదని ఆ గదిలో తెలిసిన మనిషిని నేనొక్కదాన్నే. ఆ భాషల పట్టికని కంప్యూటర్లోకి ఎక్కించింది నేనే కాబట్టి. మికాయెలా గారు ఎదురుగా కూర్చుని నా వైపు చూశారు. నేను నోట్‌బుక్‌లోకి చూసుకున్నాను. తర్వాత చూద్దామని వాయిదా వేశారు.

బయట వరండాలో ఆవిడ వెనకే వెళ్లి, సారీ చెప్పబోయాను. ఆవిడ వినలేదు. “ఆదివారం మా ఇంటికి రా. ఏమీ తినకుండా రా” అన్నారు.

ఓక్లాండ్‌లో ఒక బట్టల దుకాణం పైన రెండు గదుల ఇల్లు ఆవిడది. గోడ మీద ఒక క్రైస్తవ సాధువు బొమ్మ, దాని కింద పళ్లెంలో మొక్కజొన్న కంకులు. పసుపు, తెలుపు, ఎరుపు, నలుపు రంగులు. వంటింట్లో నన్ను కూర్చోబెట్టి పిండిముద్ద చేతికిచ్చారు. ఆవిడ రొట్టె తడితే చప్పట్లు కొట్టినట్టు లయగా వినబడేది. నావి మూలలు చీలిపోయేవి. అలా తడుతూనే, దాయాదుల సంగతి చెప్పినంత మామూలుగా, మనుషులు ఎలా పుట్టారో వాళ్ల అమ్మమ్మ చెప్పిన కథ చెప్పారు.

దేవుళ్లు మొదట జంతువుల్ని చేసి, మా పేర్లు పలకండి అన్నారట. అవి కూశాయి, అరిచాయి కానీ పేరు పలకలేకపోయాయి. తర్వాత బురదతో మనిషిని చేస్తే నీళ్లు తగిలి కరిగిపోయాడు. మూడోసారి చెక్కతో చేశారు. చెక్క మనుషులు బాగానే ఉన్నారు. నడిచారు, మాట్లాడారు, ఇళ్లు కట్టారు, పిల్లల్ని కన్నారు. కానీ తామెవరి చేతుల్లో పుట్టారో వాళ్లకి గుర్తు లేదు. చివరికి వాళ్ల ఇంట్లో కుండలు, రుబ్బురాళ్లు, పెంచుకున్న కుక్కలే వాళ్ల మీద తిరగబడి ఇంట్లోంచి తరిమేశాయట. ఆ తర్వాత మొక్కజొన్న పిండితో చేసినవాళ్లే ఇప్పటి మనుషులు.

“చెక్క మనుషులకి భాష వచ్చు. మా అమ్మమ్మ ఆ మాట రెండుసార్లు చెప్పేది” అన్నారు మికాయెలా గారు. “మాట్లాడటం సరిపోదు అని నాకు అర్థం కావాలని.”

నా గురించే అంటున్నారేమోనని భయమేసింది. ఆవిడ మాత్రం పెనం మీద రొట్టె తిప్పుతూ మరో కథలోకి వెళ్లారు. స్పెయిన్ వాళ్లు గుర్రాల మీద వచ్చినప్పుడు మామ్ రాజధానిని యుద్ధంలో పట్టలేకపోయారట. కోట చుట్టూ దిగి, లోపలికి గింజ పోకుండా నెలల తరబడి కూర్చున్నారు. లోపల తినడానికి ఏమీ మిగలనప్పుడు కోట లొంగింది. ఆ తర్వాత మాయా దేశమంతటా పుస్తకాలు కాల్చారు, పేర్లు మార్చారు, గుళ్ల రాళ్లు పీకి చర్చిలు కట్టారు. మనుషులు ఆ చర్చిల్లోకే వెళ్లారు. సాధువు ముందు మోకరించి, నోట్లోనే తమ కొండ పేరు పలికారు. వాళ్లకి రెండు వందల అరవై రోజుల పంచాంగం ఒకటుంది. దాన్ని లెక్కపెట్టే పెద్దల్ని మంత్రగాళ్లని కొట్టారు. లెక్క మాత్రం ఆగలేదు. తండ్రి చనిపోతే కొడుకో కూతురో పట్టుకున్నారు. ఈ రోజు ఆ పంచాంగంలో ఏ రోజో ఆవిడ ఓక్లాండ్ వంటింట్లో కూర్చుని నాకు చెప్పారు.

“మేం ఓడిపోయామని మా బడిపుస్తకంలో ఉండేది. పంతులు గట్టిగా చదివించేవాడు” అన్నారు. “ఓడిపోతే ఆ పిల్ల ఆసుపత్రిలో ఏ భాషలో ఏడ్చింది?”

ఇంకో రొట్టె తట్టి పెనం మీద వేశారు. తర్వాత ఉన్నట్టుండి, సామ్ అంటే మగవాళ్ల పేరు కదా అని అడిగారు. నా అసలు పేరు సమ్మక్క అని చెప్పాను. అమెరికా వచ్చాక ఎవరికీ ఆ పేరు పూర్తిగా చెప్పలేదు. అర్థం ఏమిటన్నారు. మేడారం సంగతి చెప్పాల్సి వచ్చింది. కరువులో కప్పం కట్టమన్న రాజు మీదికి కత్తి పట్టిన కోయ ఆడది, దెబ్బలు తగిలి కొండెక్కి మాయమైన మనిషి, ఇప్పటికీ లక్షల మంది బంగారమని బెల్లం మోసుకొచ్చి మొక్కే తల్లి. ఆవిడ చేతులు ఆగిపోయాయి.

“అలాంటి పేరు పెట్టుకుని సామ్ అంటావా?”

అప్పుడు చెప్పాను, అప్పటి దాకా ఎవరికీ చెప్పనిది. మాది భద్రాచలం పైన దుమ్ముగూడెం వైపు ఒక కోయగూడెం. ఆరేళ్లకి నన్ను ఆశ్రమ పాఠశాలలో వేశారు. మొదటి వారం దాహమేసి సారుని ‘ఏర్’ అడిగాను. కోయలో నీళ్లని అలాగే అంటాం. సారు నవ్వి, “ఏరు ఊరవతల ఉంది, పోయి తాగిరా” అన్నారు. తరగతంతా నవ్వింది. ఆరోజు నుంచి బడిలో ఒక్క కోయ మాట మాట్లాడలేదు. తెలుగులో ఫస్ట్ వచ్చాను, ఇంగ్లిష్‌లో ఫస్ట్ వచ్చాను. ఇంజనీరింగ్‌లో స్నేహితులు ఇంటికొస్తామంటే ఏదో ఒకటి చెప్పి తప్పించేదాన్ని. అమెరికాలో తెలుగువాళ్లు ఏ ఊరని అడిగితే ‘ఖమ్మం పక్కన’ అని మాట మార్చేదాన్ని. అమ్మ ఫోన్ చేస్తే రూమ్మేట్లకి వినబడకుండా బాల్కనీలోకి వెళ్లి మాట్లాడేదాన్ని.

మికాయెలా గారు ఓదార్చలేదు. కళ్లు తుడవలేదు. వాళ్ల భాషలో నీళ్లని ఏమంటారో చెప్పారు. ‘అ’ అని, చివర గొంతు టక్కున మూసినట్టు. నా చేత పదిసార్లు పలికించి, ‘ఏర్’ అని తనూ పలికారు. రెండోసారికే సరిగ్గా వచ్చింది.

తర్వాతి మీటింగ్‌లో మొదట అందరూ పేర్లు చెప్పుకున్నారు. నా వంతు వచ్చినప్పుడు “నా పేరు సమ్మక్క” అన్నాను. సుధీర్ గారు నా వైపు తిరిగి చూశారు. భాష విషయం వచ్చేదాకా ఆగి చెప్పేశాను. ఇది పట్టికలో ఒక్క వరుస, రిపోర్టులేవీ చెడవు, విడిగా పెట్టి పరీక్షించి చూశాను, ఇరవై నిమిషాల పని అని. ప్రసూతి వార్డు హెడ్ నర్సు, “అయితే ఈ మధ్యాహ్నమే చేయండి” అంది.

సుధీర్ గారు ఆ సాయంత్రం ఫోన్ చేసి చాలా మాటలన్నారు. కొన్ని నిజమే, నేను ఆయన మాట తీసేశాను. నెల రోజులు నాతో సరిగ్గా మాట్లాడలేదు. నా కాగితాలు రాకుండా వారాలు గడిచాయి. ఆ వారాల్లో నేను ప్రశాంతంగా ఉన్నానని చెబితే అబద్ధం. సూట్‌కేసు మంచం కింద నుంచి తీసి రెండుసార్లు చూసుకున్నాను. చివరికి కాగితాలు వచ్చాయి. ఆసుపత్రి వాళ్లు తర్వాతి పనికి నన్నే పంపమని అడిగారని సుధీర్ గారే వచ్చి చెప్పారు. “సమ్మక్కా, నీకు చెప్పకుండా ఉండలేకపోయాను” అన్నారు. ఆయన నన్ను ఆ పేరుతో పిలవడం అదే మొదటిసారి.

ఆ వరుస చేర్చే రోజున కోయ అని కూడా చేర్చాలని వేళ్లు ఊరుకోలేదు. చేర్చలేదు. ఆ జాబితా నా సరదా కోసం కాదు, ఆ మంచాల మీద పడుకున్నవాళ్ల కోసం. మికాయెలా గారిని పిలిచి తెర చూపిస్తే, కళ్లద్దాలు పెట్టుకుని ఇంగ్లిష్‌లో ఉన్న ఆ మూడక్షరాలూ చదివారు. ఇక నుంచి అది నొక్కగానే మీకే ఫోన్ వస్తుందన్నాను. “అయితే నేను ఒక్కదాన్నే చాలను” అని, ఆ ఏడాదిలోనే ఓక్లాండ్ మామ్ కుటుంబాల నుంచి నలుగురు ఆడవాళ్లని తెచ్చి దుబాసీలుగా తయారుచేశారు. ఎంతో కాలంగా అక్కడే ఉన్నవాళ్లని ఆసుపత్రి అప్పుడే కనిపెట్టినట్టు సంబరపడింది. ఆవిడ నవ్వారు.

నాలుగేళ్ల తర్వాత కాలేయం జబ్బుతో పోయారు. జబ్బు ముదిరాక కూడా ఆసుపత్రి మంచం మీద కూర్చుని పక్క గది వాళ్లకి దుబాసీ చేశారని నర్సులు చెప్పుకునేవారు. చర్చి హాల్లో సంతాప సభ పెట్టారు. నిలబడటానికి చోటు లేదు. ఎవరు మాట్లాడినా వాళ్ల ఇంటి భాషలో మాట్లాడాలన్నది ఆవిడ చివరి కోరిక అని మేనల్లుడు చెప్పాడు. మామ్‌లో మాట్లాడారు, స్పానిష్‌లో మాట్లాడారు, హువానాని చూసిన డాక్టరు, చైనా నుంచి వచ్చిన వాళ్లమ్మ భాషలో మాట్లాడింది. నన్ను పిలిచారు.

తెలుగులో చెబుదామని కాగితం మీద రాసుకొచ్చాను. మైకు ముందు నిలబడ్డాక దాన్ని మడిచి కోటు జేబులో పెట్టుకుని కోయలో మొదలుపెట్టాను. మనుషుల ముందు, గొంతెత్తి, కోయలో మాట్లాడటం నా జీవితంలో అదే మొదలు. రెండు చోట్ల మాట దొరకక తడబడ్డాను. ఆ హాల్లో ఒక్కరికీ ఒక్క ముక్క అర్థమయ్యే అవకాశం లేదు. అయినా పిల్లల్ని సముదాయిస్తున్న తల్లులు కూడా తలెత్తి విన్నారు. దిగి వచ్చాక హువానా ఎదురొచ్చింది. నాలుగేళ్ల కూతురు చంకలో నిద్రపోతోంది. తను అప్పటికి కొంచెం ఇంగ్లిష్ నేర్చుకుంది. ఏం చెప్పావని అడగలేదు. అది మీ అమ్మ భాషా అని అడిగింది. అవునన్నాను. “వింటే తెలుస్తుంది” అంది.

మొన్న శాన్ రామన్‌లో ఒక స్నేహితురాలి కొత్త ఇంటికి భోజనాలకి వెళ్లాం. వాళ్ల అత్తగారు ఇండియా నుంచి వచ్చారు. వడ్డిస్తూ, “మీదే ఊరమ్మా? మీరేమిటోళ్లు?” అని అడిగారు. అలాంటి ప్రశ్న వస్తే నేను లేచి మంచినీళ్ల కోసం వెళ్లిపోయే రోజులుండేవి. “కోయోళ్లం అత్తయ్యా. దుమ్ముగూడెం దగ్గర” అన్నాను. ఆ స్నేహితురాలి కూతురు, ఇక్కడే పుట్టిన పిల్ల, “ఆంటీ, అంటే ఎవరు? నాకు చెప్పవా?” అంది.

చెప్పాను. మన్యంలో తెల్లదొరలు అడవి మాదేనని, ఈతచెట్టు కల్లుకి కూడా పన్ను కట్టాలని హుకుం వేసినప్పుడు మా ముత్తవ్వ తండ్రి, ఇంకా ఆ చుట్టుపక్కల గూడేల వాళ్లు ఏం చేశారో, వాళ్లని పట్టుకోవడానికి వచ్చిన సిపాయిలకి కొండదారి చూపించమంటే గూడెంలో ఆడవాళ్లు మూడు రోజులు ఎలా తిప్పి తిప్పి మళ్లీ అదే వాగు దగ్గరికి తెచ్చారో, మా అవ్వ నాకు ఎలా చెప్పిందో అలాగే చెప్పాను. అవ్వ మాటలు కోయలోనే పలికి, తర్వాత తెలుగులో చెప్పాను. అత్తగారు గిన్నె పక్కన పెట్టి కూర్చున్నారు. “తర్వాతేమైంది?” అన్నారు.

నేను కుర్చీ ముందుకి లాక్కుని, తర్వాత ఏమైందో చెప్పడం మొదలుపెట్టాను.